ఆఖరి రేసులో ఏడో స్థానం, చేతికి మాత్రం టైటిల్

ప్రశ్న: 2020 ఫార్ములా 3 సీజన్ ఆఖరి రేసులో ఆస్కార్ పియాస్త్రి ఏడో స్థానంలో వచ్చి కూడా చాంపియన్ అయ్యాడట. ఇది వట్టి లక్కు కాదా సార్? (హనుమకొండ పాఠకుడు)

జవాబు: లక్కు లేదని నేనూ అనను. కానీ ముందు లెక్క చూడండి. ఫార్ములా 3 అంటే ఫార్ములా 1కి రెండు మెట్లు కింద ఉండే కార్ రేసుల సిరీస్. కరోనా వల్ల ఆ సీజన్ జూలైలో మొదలై సెప్టెంబర్ 13న ఇటలీలోని ముజెల్లోలో అయిపోయింది, అంటే పది వారాల్లో 18 రేసులు. ముప్పై కార్లూ ఒక్కలాంటివే: డల్లారా బాడీ, మెకాక్రోమ్ ఇంజిన్, పిరెల్లి టైర్లు. డబ్బున్న టీమ్ కదా అని వేరే ఇంజిన్ కొనుక్కోవడం కుదరదు. సెటప్ బాగా చేసుకోవడం, ఆపైన డ్రైవర్ సత్తా, అంతే. అందుకే పాయింట్ల పట్టికలో పైన ఉన్నవాళ్ల మధ్య తేడా అంత తక్కువ.

ఇక ఆఖరి రేసుకి ముందు పరిస్థితి ఏమిటంటే, ప్రేమా టీమ్‌కే చెందిన ఇద్దరు, ఆస్ట్రేలియా కుర్రాడు పియాస్త్రి, అమెరికా కుర్రాడు లోగన్ సార్జెంట్, ఇద్దరూ సరిగ్గా 160 పాయింట్ల దగ్గర ఉన్నారు. ఫ్రాన్స్‌కి చెందిన థియో పూర్షేర్ 151తో వెనకాలే ఉన్నాడు, వయసు అప్పటికి పదిహేడే. గ్రిడ్‌లో, అంటే రేసు మొదలయ్యే వరుసలో, పియాస్త్రి కన్నా సార్జెంటే ముందున్నాడు. చూసేవాళ్లం ఇక సార్జెంట్‌దే అనుకున్నాం. మొదటి ల్యాప్‌లోనే మరో డ్రైవర్ లిరిమ్ జెండెలి కారుకీ అతని కారుకీ తగిలింది, సార్జెంట్ రేసు అక్కడే అయిపోయింది. సీజన్ మొత్తం పడిన కష్టం ఒక్క మలుపులో పోవడం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

కానీ అక్కడితో టెన్షన్ తీరిపోలేదు, ఎందుకంటే ముందు పూర్షేర్ పరిగెడుతున్నాడు. లియామ్ లాసన్ గెలిచాడు, పూర్షేర్ మూడో స్థానం, దానికి 10 పాయింట్లు, మొత్తం 161. పియాస్త్రికి ఏడో స్థానానికి 4 పాయింట్లు, మొత్తం 164. పూర్షేర్ రెండో స్థానంలో వచ్చి ఉంటే 163, అప్పుడూ ఒక్క పాయింట్ తక్కువే. అదే రేసు గెలిచి ఉంటే 166, టైటిల్ అతనిదే. సార్జెంట్ 160 దగ్గరే ఆగిపోయి మూడో స్థానానికి జారాడు.

మీ లక్కు మాటకి వస్తాను. సీజన్ మొత్తంలో పియాస్త్రి ఒక్క పోల్ (క్వాలిఫయింగ్‌లో అందరికన్నా ముందు చోటు) కూడా కొట్టలేదు. పోల్‌కి అప్పట్లో 4 పాయింట్లు, అంటే టైటిల్ తేలిన తేడా కన్నా ఎక్కువ! అయినా గెలిచాడంటే, వెనక నుంచి మొదలుపెట్టిన రోజున కూడా ఎవరినీ గుద్దకుండా, కంగారు పడకుండా ఎన్నో కొన్ని పాయింట్లు ఇంటికి తెచ్చుకోవడం వల్లే. ముజెల్లోలో ఆ ఏడో స్థానం కూడా అలాంటిదే. దాన్ని లక్కు అనాలంటే నాకు నోరు రాదు.

ప్రశ్న: మొదటి రేసులో బాగా పరిగెత్తినవాణ్ని రెండో రేసులో వెనక్కి నెట్టడం ఏం న్యాయం? (రాజమండ్రి పాఠకురాలు)

జవాబు: రివర్స్ గ్రిడ్ సంగతి కదా మీరనేది. ఒక్కో వారాంతానికి రెండు రేసులు; అప్పటి పద్ధతిలో మొదటి రేసులో టాప్ టెన్‌ని తిరగేసి రెండో రేసు మొదలుపెట్టేవారు, గెలిచినవాడు పదో చోటు నుంచి, పదో స్థానంలో వచ్చినవాడు అందరికన్నా ముందు నుంచి. న్యాయమా అంటే, ఒక్క రేసు వరకే చూస్తే కాదు. రెండో రేసు గెలిస్తే వచ్చేది 15, మొదటిదానికి 25, అంత వరకు సర్దుబాటు చేశారు. అయితే ఇది కుర్రాళ్లని ఫార్ములా 1కి తయారుచేసే సిరీస్ అని గుర్తుపెట్టుకోండి. ముందు నుంచి మొదలుపెట్టి ముందే ముగించేవాడు ఓవర్‌టేక్ ఎప్పుడు నేర్చుకుంటాడు? నాకైతే ఈ పద్ధతి ఇష్టమే. కాకపోతే తొమ్మిదో స్థానం కన్నా పదో స్థానమే లాభం అనిపించే పరిస్థితి వస్తుంది చూడండి, అది మాత్రం చిరాకు.

ప్రశ్న: అంత హోరాహోరీగా గెలిచాక ఫార్ములా 1 సీటు గ్యారంటీనా? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: అస్సలు కాదు. పియాస్త్రి మరుసటి ఏడాదే ఫార్ములా 2 కూడా గెలిచాడు, అయినా 2022లో రిజర్వ్ డ్రైవర్‌గా కూర్చున్నాడు. మెక్‌లారెన్ సీటు 2023లో దొరికింది, మొదటి గెలుపు 2024 హంగరీలో. సార్జెంట్ కూడా 2023లోనే విలియమ్స్‌కి వెళ్లాడు, 2024 సీజన్ మధ్యలో తీసేశారు. పూర్షేర్ సంగతి ఇంకా విచిత్రం: 2023 ఫార్ములా 2 చాంపియన్ అయ్యాడు, ఫార్ములా 1 రేసు సీటు మాత్రం రాలేదు. అప్పట్లో ఉన్నవే ఇరవై సీట్లు, ఖాళీ అయిన రోజున నువ్వు ఏ టీమ్ శిక్షణ అకాడమీలో ఉన్నావన్నదే అక్కడ చూస్తారు.

ప్రశ్న: మావాడికి పద్నాలుగేళ్లు, ఫార్ములా-ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూసినప్పటి నుంచీ ఇదే గోల. ఏం చేయమంటారు? (హైదరాబాద్ తల్లి)

జవాబు: 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన కార్లు పరిగెత్తాక ఇలాంటి గోల చాలా ఇళ్లలో మొదలైందమ్మా. ముందు కార్టింగ్ (చిన్న కార్ల రేసింగ్) చేయించండి, అందులో వాడికి నిజంగా వేగం ఉందో లేదో తేలిపోతుంది. ఆ తర్వాతి మెట్టు ఫార్ములా 4కి పదిహేనేళ్లు నిండాలి, మన దేశంలోనూ 2023 నుంచి ఆ సిరీస్ ఉంది, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద కూడా రేసులు జరుగుతాయి. భారత్ నుంచి వెళ్లినవాళ్లు లేకపోలేదు, ముంబై కుర్రాడు జెహాన్ దారువాలా 2019 ఫార్ములా 3లో, అదీ ప్రేమా కారులోనే, మూడో స్థానంలో ముగించాడు. కానీ యూరప్ వెళ్తే ఖర్చు కోట్లలో ఉంటుంది, స్పాన్సర్ లేకుండా ఒక్క సీజన్ కూడా లాగలేరు. కాబట్టి హెల్మెట్ కొనేముందు ఇంట్లో అందరూ కూర్చుని డబ్బు సంగతి మాట్లాడుకోండి, వాణ్ని కూడా కూర్చోబెట్టే.