మూడు ఉగాదులు రాసిస్తే ముప్పై రెండు వేలు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. జీతం 78,000, ఇంటి లోను కిస్తీ 32,000. రెండేళ్ల కిందట మా బామ్మర్ది, నేను కలిసి చేవెళ్ల మండలంలో నాలుగెకరాలు కౌలుకు పట్టాం. ఎకరానికి ఏడాదికి 25,000, అంతా నోటి మాటే. బోరు లోతు చేయించడానికి 65,000, మోటారుకు 45,000, డ్రిప్పుకు 1,60,000, కడీలు పాతి తీగ లాగించడానికి 70,000, చెరువు మట్టికి 40,000 పెట్టాం. అందులో లక్ష తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది, ఇంకా తీరలేదు. పోయిన ఏడాది కౌలు, పెట్టుబడి పోను 2,90,000 మిగిలింది. సగం దసరా బంతి పూలదే. అది చూసి ఆసామి ఎకరానికి 40,000 కావాలి, రెండేళ్లది ముందే కట్టాలి, లేకపోతే ఉగాదికి ఖాళీ చేయండి అంటున్నారు. ఆయన రిటైరై వనస్థలిపురంలో ఉంటారు. కాగితం రాద్దామంటే మాట దాటేస్తారు. ప్రభుత్వమిచ్చే రైతు భరోసా సాయం ఆయనే తీసుకుంటారు. మొన్న ఆయన తమ్ముడు చేను దగ్గరికి వచ్చి, నా వాటా కౌలు ఎవరిస్తారని మా బామ్మర్దిని అడిగాడట. నా దగ్గర 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. తీసి కట్టేయమంటారా, వదిలేసి రమ్మంటారా?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: డిపాజిట్ తీసి ఆసామి చేతిలో పెట్టకండి. ముందు ఈ ఒక్కటి గట్టిగా అనుకోండి, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం. రెండేళ్ల కౌలు అంటే 3,20,000. కాగితం లేకుండా ఇచ్చారంటే ఆయనకు హామీ లేని చేబదులు ఇచ్చినట్టే. రేపు ఆ భూమి అమ్ముడుపోతే మీ డబ్బు ఎవరిని అడుగుతారు?

మీ లెక్కలో రెండు ఖర్చులు కనబడలేదు. మీ బామ్మర్ది రోజూ పొద్దున్నే వెళ్లి మోటారు వేసి, మందు కొట్టి, కూలీలను పిలుచుకొచ్చి, పూల మూటలతో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరుతున్నారు కదా, ఆయన కష్టానికి మీరు పైసా కట్టలేదు. నెలకు 15,000 చొప్పున ఏడాదికి 1,80,000. ఆ లక్షకు రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24,000. ఈ రెండూ తీసేస్తే 2,90,000లో మిగిలేది 86,000. ఆసామి అడిగిన పెంపు నాలుగెకరాలకు ఏడాదికి 60,000. అదీ తీసేస్తే 26,000. మీరు భూమిలో పెట్టిన 3,80,000లో అప్పు పోను మీ సొంత డబ్బు 2,80,000ను 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేసి ఉంటే 19,600 వచ్చేవి. అంటే 40,000 కౌలు మీద, పోయిన ఏడాదంత మంచి ధర మళ్లీ పలికితే, బ్యాంకు వడ్డీ కన్నా 6,400 మాత్రమే ఎక్కువ మిగులుతుంది. బంతి ధర ఒక్క దసరాకు పడిపోయిందంటే అదీ ఉండదు. కాబట్టి 40,000 ఈ పంట మోయలేని బరువు.

అలాగని కోపం మీద వదిలేసి రావడమూ వద్దు. బోరు లోతు, చెరువు మట్టి అక్కడే ఉండిపోతాయి. అవి 1,05,000. వేరే చోట నీళ్లు, నేల ఈ స్థాయికి తేవాలంటే మళ్లీ దాదాపు అంతా పెట్టాలి. డ్రిప్పు, మోటారు, కడీలు తెచ్చుకోవచ్చు గానీ పీకేటప్పుడు కొన్ని పైపులు పోతాయి, కొన్ని కడీలు విరుగుతాయి, ట్రాక్టరు కిరాయి ఉంటుంది. దానికో 50,000 వేసుకోండి. మారడానికి మొత్తం 1,55,000. కొత్త చోట కూడా కౌలు 25,000 దగ్గరే దొరుకుతుందనుకుని చెబుతున్న లెక్క ఇది.

ఇప్పుడు ఇవి పక్కపక్కన పెట్టి చూడండి. ఎకరానికి 32,000కు ఒప్పుకుంటే ఇప్పటికన్నా ఏడాదికి 28,000 ఎక్కువ, మూడేళ్లకు 84,000. మారడం కన్నా చాలా తక్కువ. 40,000 అయితే మూడేళ్లకు 1,80,000, మారడం కన్నా ఎక్కువ. ఇక ఒక్క ఏడాదికే 40,000 ఇచ్చి ఉన్నారనుకోండి, ఆ 60,000 పోతుంది, వచ్చే ఉగాదికి ఆ 1,55,000 ఎలాగూ తప్పదు. మీరు, ఆయన ఇన్నాళ్లూ ధర మీదే పంచాయితీ పెట్టుకున్నారు. మీ డబ్బు మునిగేదీ తేలేదీ ఎన్నేళ్లు అన్నదాని మీద. పెట్టిన 3,80,000ను రెండేళ్లకే పంచితే ఎకరానికి ఏడాదికి 47,500 పడుతుంది, ఆసామి అడిగే కౌలు కన్నా ఎక్కువ. అయిదేళ్లకు పంచితే 19,000.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా నాన్న కౌలు రైతు. ఒక ఎండాకాలం ఆసామి పొలంలో బావి పూడిక తీయించారు, అప్పు చేసి. పై ఉగాదికి ఆ పొలం ఇంకొకరికి పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ దారిన పోతే సైకిల్ ఆపి, గట్టు మీద చెయ్యి ఆనించి నీళ్లు ఎంత దాకా ఉన్నాయో తొంగి చూసి వచ్చేవారు. ఏమీ అనేవారు కాదు. వెంట తెచ్చుకోలేని ఖర్చును ఎన్నేళ్లు ఉంటామో తెలియని భూమిలో పెట్టే ముందు నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఆ బావి సంగతి చెబుతాను.

ఆసామి కాగితం ఎందుకు దాటేస్తున్నారో అర్థం చేసుకుంటే మాట్లాడటం తేలికవుతుంది. తెలంగాణలో వ్యవసాయ భూముల కౌలుకు 1950 నాటి కౌలుదారీ చట్టం ఉంది. దాని కింద రక్షిత కౌలుదారులు వచ్చారు, ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద ఇచ్చిన సర్టిఫికెట్లతో వాళ్లకు యాజమాన్య హక్కు దక్కింది. రంగారెడ్డి జిల్లాలో ఆ తగాదాలు ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తున్నాయి. పాత పహాణీల్లో, అంటే ఊరి భూముల రికార్డుల్లో, సాగు చేసేవాళ్ల పేరు రాసే అనుభవదారు కాలమ్‌లో పేరు ఎక్కితే ఏమవుతుందోనన్న భయం ఇంటింటా ఉండేది. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణితో ఆ కాలమ్ పోయింది, భయం మాత్రం పోలేదు. పైగా చేవెళ్ల వైపు ఎకరం ధరతో పోలిస్తే మీరిచ్చే కౌలు ఆయనకు లెక్కలోకి రాదు. ఆయనకు కావలసింది భూమి ఖాళీగా పడి ఉండకుండా చూసే మనిషి, అమ్ముకోవాల్సిన రోజు అడ్డం పడని మనిషి. ఆ రెండు భరోసాలూ మీరే ముందుగా కాగితం మీద ఇవ్వండి: భూమి మీద మాకు ఏ హక్కూ లేదు, గడువు తీరగానే అప్పగిస్తాం అని మొదటి వాక్యం రాయండి. 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టం కూడా, కౌలు రైతుకిచ్చే రుణ అర్హత కార్డు వల్ల యజమాని హక్కుకు భంగం లేదనే చెబుతుంది. కొన్నేళ్లుగా ఇక్కడ ఆ కార్డుల జారీ సరిగా లేదన్నది వేరే బాధ.

రైతు భరోసా గురించి ఆయనతో గొడవ పడకండి. అది పట్టాదారు ఖాతాలోకే వస్తుంది, కౌలుదారుకు రాదు. ఇది అన్యాయమని నేనూ అనుకుంటాను, కానీ ఆ న్యాయం మీ ఆసామి ఇంటి వరండాలో తేలేది కాదు. దాన్ని ధర మాట్లాడేటప్పుడు వాడుకోండి. ఎకరానికి సీజన్‌కు 6,000 చొప్పున ఏడాదికి 12,000. మీ 25,000 కలిపితే ఆయనకు ఎకరం మీద ఇప్పటికే 37,000 ముడుతోంది. మీరు 32,000 ఇస్తే 44,000 అవుతుంది. ఈ లెక్క చిన్న కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి, గొంతు పెంచకుండా. "సార్, మీ భూమికి నీళ్లు పెరిగాయి, మట్టి బాగుపడింది, కంచె పడింది. మూడు ఉగాదులు రాసివ్వండి, 32,000 ఇస్తాం" అనండి. మొదట 28,000 దగ్గర మొదలుపెట్టండి. 32,000 దాటకండి.

తమ్ముడి సంగతి తేలకుండా మాత్రం ఒక్క రూపాయి కదపవద్దు. ఇది నన్ను కౌలు ధర కన్నా ఎక్కువ కలవరపెట్టింది. ధరణి స్థానంలో వచ్చిన భూభారతి పోర్టల్‌లో సర్వే నంబరు వేసి పట్టా ఎవరి పేరున ఉందో, ఎవరికి ఎన్ని గుంటలో చూడండి. ఇద్దరి పేర్లూ ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక్కరి పేరే ఉన్నా, అన్నదమ్ముల మధ్య పంపకం పెండింగ్‌లో ఉంటే తమ్ముణ్ణి సాక్షిగా సంతకం పెట్టించండి. పంట కోతకు వచ్చిన రోజున గట్టు మీద నిలబడి అడ్డుకునేది ఇలాంటి మనిషే.

కాగితంలో ఏముండాలో లాయరు రాస్తారు గానీ మీరు పట్టుబట్టాల్సినవి కొన్నున్నాయి. కౌలు ఏడాదికి రెండు విడతలు, ఉగాదికి సగం, దసరా తర్వాత సగం, పట్టాదారు బ్యాంకు ఖాతాకే. మధ్యలో భూమి అమ్మితే చేనులో ఉన్న పంట కోసుకునే దాకా గడువు, వాడుకోని నెలల కౌలు వాపసు. మోటారు, స్టార్టర్ డబ్బా, డ్రిప్పు, కడీలు, తీగ కౌలుదారువి, వెళ్లేటప్పుడు తీసుకెళ్తారు. ఈ చివరిది పేరు పేరునా రాయించండి, ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏడాది మించిన కౌలుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, స్టాంపు కాగితం మీద సంతకాలతో సరిపెడితే కోర్టులో ఆ గడువు నిలవడం కష్టం. 1950 చట్టం కూడా ఉంది కాబట్టి రెవెన్యూ కేసులు చూసే లాయరు దగ్గరికే వెళ్లండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయకండి.

డిపాజిట్‌లో ఒక లక్ష మాత్రం ఈ వారమే తీయండి, ఆసామికి కాదు, ఆ రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చడానికి. బ్యాంకులో 7 శాతం తెచ్చే డబ్బు పెట్టుకుని బయట 24 శాతం కట్టడం వల్ల ఏటా 17,000 పోతోంది. మిగిలిన 4 లక్షలు మీ ఇంటివి. కిస్తీ, ఇంటి ఖర్చు కలిపి చూస్తే ఉద్యోగం పోయిన రోజున ఆరు నెలలు నిలబెట్టే డబ్బు అది. చేనుకు ముట్టవద్దు. పర్సనల్ లోన్ ఆలోచన కూడా వద్దు. కాగితం చేతికొస్తే బామ్మర్ది పేరున కిసాన్ క్రెడిట్ కార్డుకు అడగండి. పూచీకత్తు లేకుండా 2 లక్షల దాకా ఇవ్వవచ్చు, వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 పడుతుంది. ఒంటరిగా ఇవ్వకపోతే చుట్టుపక్కల కౌలు రైతులు నలుగురైనా కలిసి ఉమ్మడి బాధ్యత బృందంగా అడగవచ్చు. ఇంకో మాట, సాగు ఆదాయానికి పన్ను లేదు గానీ రిటర్న్‌లో చూపించాలి, దాని వల్ల జీతం మీద పన్ను రేటు కాస్త మారవచ్చు. సాగులో నష్టమొస్తే జీతం పన్నులో తగ్గించుకోవడం కుదరదు.

ఆదివారం ఆసామి ఇంటికి మీరొక్కరే వెళ్లకండి. బామ్మర్దిని, ఆ ఊళ్లో ఆయన మాట వినే పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. పది రోజుల్లో ఒప్పుకోకపోతే కొత్త చేను వెతకడం మొదలుపెట్టి, ఉన్న పంట అయ్యాక డ్రిప్పు చుట్టలు చుట్టేయండి. మోటారు బోరులోంచి తీసే రోజు ఆయనకు ముందే ఫోన్ చేసి చెప్పి, ఆ పెద్దమనిషి అక్కడ ఉండగానే తీయండి.