శివారు పట్టాలు: మీరడిగినవి, మా జవాబులు

ప్రశ్న: హాంకాంగ్ శివార్లలో రోడ్డు పక్కనే తిరిగే లైట్ రైల్ వీడియోలు చూశాను. మెట్రోకీ దానికీ తేడా ఏమిటి? వేదాయపాళెం నుంచి పడుగుపాడు దాకా మనకూ అలాంటిది వేయలేరా?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీరు చూసింది 1988 సెప్టెంబరులో మొదలైన లైను. ట్యూన్ మున్, యుయెన్ లాంగ్, టిన్ షుయ్ వై ప్రాంతాల్లో సుమారు 36 కిలోమీటర్ల మేర 68 స్టాపులతో నడుస్తుంది. కరెంటు పైతీగ నుంచి 750 వోల్టుల డీసీ (ఒకే దిక్కున పారే కరెంటు). మెట్రో పెట్టె ఒక్కో ఇరుసు మీద 16 టన్నుల దాకా మోపితే, లైట్ రైల్ మోపేది సాధారణంగా పది, పన్నెండు టన్నులే. అందువల్ల వంతెనలు, పునాదులు తేలికగా కట్టుకోవచ్చు. పాతిక మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులోనూ బండి తిరుగుతుంది. స్టాపుల్లో గేట్లుండవు. ప్లాట్‌ఫారం మీద యంత్రానికి కార్డు తాకించి ఎక్కడమే, తనిఖీ వాళ్లు ఎప్పుడైనా రావచ్చు.

వీడియోలో పట్టుబడని సంగతొకటి: అక్కడి బండికి డ్రైవరు గది ఒక కొసనే ఉంటుంది, తలుపులు ఎడమవైపు మాత్రమే. అంటే లైను చివర బండి గుండ్రంగా తిరిగి రావడానికి స్థలం కావాలి. ఊరి మధ్య ఆ స్థలం దొరక్కపోతే రెండు కొసలా డ్రైవరు గది ఉన్న బండ్లు కొనాలి, ధర పెరుగుతుంది.

ఇక నెల్లూరు లెక్క. కేంద్రం 2019లో ప్రకటించిన మెట్రోలైట్ (మన దేశపు లైట్ రైల్ తరహా మెట్రో) ప్రమాణాల్లో మూడు పెట్టెల బండికి సుమారు 300 మంది. అయిదు నిమిషాలకొకటి నడిపితే గంటకు ఒక దిక్కున 3,600 మంది. ఉదయం రద్దీలో అంతమంది ఒకే దారిన పోతేనే దీనికి అర్థం. 60 మంది పట్టే బస్సులు నిమిషానికొకటి వేసినా అంతే లాగుతాయి. పైగా పెన్నా మీద కొత్త వంతెన కట్టాలి. వేదాయపాళెం, నెల్లూరు సౌత్, నెల్లూరు, పడుగుపాడు స్టేషన్లు ఇప్పటికే ఒకే బ్రాడ్‌గేజ్ లైను మీద ఉన్నాయి. మా మాట అడిగితే, ముందు ఆ లైను మీద మెమూలు (దగ్గరి ఊళ్ల మధ్య నడిచే కరెంటు ప్యాసింజర్ రైళ్లు) పెంచమని గట్టిగా అడగండి. ఇక్కడ చిక్కేమిటంటే అది చెన్నై–విజయవాడ ప్రధాన మార్గం, ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ వదిలిన సందులోనే మెమూ దూరాలి. ఇప్పుడున్న రెండు పట్టాల పక్కన వేసే మూడో లైను ఉపయోగం అక్కడే.

ప్రశ్న: డీసీ కరెంటుతో నడిచే రైలు పట్టాల వల్ల నేలలోని నీటి గొట్టాలు తినుకుపోతాయని క్లాసులో చెప్పారు. నిజమేనా? ఎలా ఆపుతారు?
– పాలిటెక్నిక్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: నిజమే. పైతీగ నుంచి మోటారుకు వెళ్లిన కరెంటు పట్టాల గుండా సబ్‌స్టేషన్‌కు తిరిగి రావాలి. పట్టాకూ నేలకూ మధ్య ఇన్సులేషన్ బలహీనపడితే అందులో కొంత మట్టిలోకి జారి, దగ్గర్లోని ఇనుప గొట్టాన్ని పట్టుకుని ప్రయాణిస్తుంది. గొట్టంలోకి దిగిన చోట ఏమీ కాదు. సబ్‌స్టేషన్ దగ్గర మళ్లీ బయటికి దూకే చోట ఇనుము కరుగుతుంది. ఒక్క ఆంపియరు ఏడాది పొడుగునా అలా కారితే సుమారు 9 కిలోల ఇనుము పోతుంది, అదీ చిన్న మచ్చల్లో. అందుకే గొట్టానికి సూదిబెజ్జాలు పడతాయి. నల్లరేగడి నేలలో తడి నిలుస్తుంది కాబట్టి మీ వైపు ఇది ఇంకా పట్టించుకోవలసిన విషయం.

మొదటి కట్టడి, రోడ్డులో పూడ్చే పట్టాకు అడుగునా పక్కలా రబ్బరు తొడుగు వేయడం. అతుకుల దగ్గర తొడుగు చిరిగితే పనంతా వృథా, కాంక్రీటు పోయకముందే నిరోధం కొలవాలి. తర్వాత పట్టా కింది కాంక్రీటు స్లాబులోని ఇనుప వలలను ఒకదానికొకటి వెల్డింగ్‌తో కలిపి, జారిన కరెంటును అక్కడే పట్టుకుంటారు. పట్టాను నేరుగా ఎర్త్ చేయరు. సబ్‌స్టేషన్లను రెండు, మూడు కిలోమీటర్లకొకటి పెడితే పట్టాలో వోల్టేజి పెరగదు. పట్టా గాడిలో (చక్రం అంచు దూరే సందులో) మట్టి, వాన నీరు నిలిస్తే ఇవన్నీ ఉన్నా లీకేజి మొదలవుతుంది. గాడి డ్రైన్లు వర్షాకాలానికి ముందే తీయించాలి. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) గొట్టాలకు ఈ బాధ లేదు.

ప్రశ్న: గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో ఉద్యోగం. నెల్లూరు నుంచి నెలవారీ సీజన్ టికెట్ ఇస్తారా?
– ఓ ఉద్యోగి, కోవూరు

జవాబు: ఇస్తారు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల వరకే. నెల్లూరు నుంచి గుమ్మిడిపూండి సుమారు 128, పొన్నేరి దాకా కూడా హద్దులోనే. చెన్నై సెంట్రల్‌కు 176 అవుతుంది కాబట్టి అక్కడికి కుదరదు. కౌంటరులో ఫొటో, చిరునామా రుజువు ఇచ్చి గుర్తింపు కార్డు చేయించుకోండి. తనిఖీలో కార్డు లేకుండా టికెట్ ఒక్కటే చూపితే చెల్లదు. మూడు నెలలది నెల ధరకు 2.7 రెట్లే. రిజర్వేషన్ పెట్టెల్లో ఎక్కకూడదు. సూపర్‌ఫాస్ట్‌లో వెళ్లాలంటే సీజన్ మీద విడిగా సర్‌చార్జీ కట్టాలి, మెమూకైతే అక్కర్లేదు.