జిల్లాలు మారినా లెక్క తప్పని టేబుల్

ప్రశ్న: నేను అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. 2001, 2011 జనాభా లెక్కల్లోని తెలంగాణ జిల్లాల వివరాలను ఇంతకాలం ఎక్సెల్‌లో ఉంచుకున్నాను, ఈమధ్యే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి మార్చాను. జిల్లా పేరు, జనాభా 2001, జనాభా 2011, జనసాంద్రత 2011, అక్షరాస్యత 2011 అనేవి నా టేబుల్‌లోని కాలమ్‌లు. హైదరాబాద్, ఆదిలాబాద్ జిల్లాలకు కలిపి జనసాంద్రత సగటు అడిగితే 9,171 అని వచ్చింది. అది నమ్మేలా లేదు. పైగా 2016 తరువాతి పంటల వివరాలు చేర్చబోతే జిల్లాలే కలవడం లేదు. టేబుల్‌ను ఎలా మార్చుకోవాలో దయచేసి తెలుపగలరు.
– ఒక పరిశోధక విద్యార్థిని, కరీంనగర్

సమాధానం: ముందుగా ఆ 9,171 సంగతి చూద్దాం, ఎందుకంటే టేబుల్‌లో ఏమి ఉంచాలన్నది దానితోనే తేలుతుంది. 2011లో హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323, వైశాల్యం 217 చదరపు కిలోమీటర్లు కాబట్టి సాంద్రత 18,172. ఆదిలాబాద్ జిల్లా జనాభా 27,41,239, వైశాల్యం 16,105 చదరపు కిలోమీటర్లు కాబట్టి సాంద్రత 170. మీ క్వెరీ (డేటాబేస్‌ను మీరు అడిగిన ప్రశ్న) ఈ రెండు సాంద్రతలను కూడి రెండుతో భాగించింది, అంటే ఆదిలాబాద్ అడవులన్నిటికీ హైదరాబాద్ నగరంతో సమానమైన బరువు ఇచ్చింది. రెండు జిల్లాల జనాభాను కూడి, రెండింటి వైశాల్యాల మొత్తంతో భాగిస్తే వచ్చేది సుమారు 410 మాత్రమే. అందుచేత సాంద్రత, శాతం, తలసరి వంటి భాగహార ఫలితాలను మూల టేబుల్‌లో ఉంచకండి. లవాన్నీ హారాన్నీ విడివిడిగా దాచి, భాగహారాన్ని క్వెరీలో, అదీ కూడికలన్నీ పూర్తయిన తరువాతే చేయించండి.

అక్షరాస్యత విషయంలో ఇంకొక మెలిక ఉంది. మన జనాభా లెక్కల్లో ఆ శాతానికి హారం మొత్తం జనాభా కాదు, ఏడేళ్లు నిండినవారి సంఖ్య. కాబట్టి అక్షరాస్యుల సంఖ్యతో పాటు 0–6 ఏళ్ల పిల్లల సంఖ్యను కూడా చేర్చుకోకపోతే, తరువాత మీరు లెక్కగట్టే శాతం ప్రచురిత శాతంతో ఎప్పటికీ కలవదు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం: పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పోస్ట్‌గ్రెస్ దశాంశ భాగాన్ని వదిలేస్తుంది. అక్షరాస్యులను జనాభాతో భాగించి ఆ తరువాత వందతో గుణిస్తే దాదాపు ప్రతి జిల్లాకూ సున్నాయే కనిపిస్తుంది. ముందే 100.0తో గుణించండి.

ఇక టేబుల్ రూపం. సంవత్సరాన్ని కాలమ్ పేరులో ఇరికించడం ఎక్సెల్ అలవాటు. కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా టేబుల్‌నూ, దానిమీద రాసిన ప్రతి క్వెరీనీ మార్చవలసి వస్తుంది. దానికి బదులు ఒక్కొక్క రోలో (అడ్డు వరుసలో) ప్రాంతపు కోడ్, కాలం, కొలిచిన అంశం, విలువ, ఏ ప్రచురణ నుంచి తీసుకున్నారో ఆ వివరం ఉండేలా కట్టుకోండి. విలువను మినహాయించి మిగిలిన నాలుగూ కలిసి ప్రైమరీ కీ, అంటే ప్రతి రోనూ విడిగా గుర్తించే ఆనవాలు, కావాలి. అప్పుడు ఒకే అంకె పొరపాటున రెండుసార్లు ఎక్కబోతే డేటాబేసే అడ్డుకుంటుంది.

ప్రచురణ వివరం దేనికని మీరు అడగవచ్చు. 2011 మార్చిలో వెలువడిన తాత్కాలిక లెక్కల్లో హైదరాబాద్ జిల్లా జనాభా 40,10,238, సాంద్రత 18,480. తుది లెక్కల్లో అవి ముందు చెప్పిన 39,43,323, 18,172 అయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం కూడా 8,46,65,533 నుంచి 8,45,80,777కు తగ్గింది. ఈ రెండు రకాల అంకెలూ ఇప్పటికీ వ్యాసాల్లో పక్కపక్కనే తిరుగుతున్నాయి. మీ టేబుల్‌లో ఏది తాత్కాలికమో, ఏది తుదో గుర్తు లేకపోతే, పదేళ్ల పెరుగుదలను లెక్కించేటప్పుడు అవి కలిసిపోతాయి.

జిల్లాలు కలవకపోవడం అన్నింటికన్నా లోతైన సమస్య. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2011 నాటి ఆదిలాబాద్ ఇప్పుడు ఆదిలాబాద్, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ అనే నాలుగు జిల్లాలు. వీటిలో ఒకదానికి పాత పేరే మిగిలింది కనుక, పేరుతో రెండు టేబుళ్లను జాయిన్ చేస్తే (జతపరిస్తే) క్వెరీ ఏ హెచ్చరికా లేకుండా నడుస్తుంది, 27 లక్షల జనాభాను నాలుగో వంతు ప్రాంతానికి కట్టబెడుతుంది. అసలు జాయిన్ కుదరకపోవడం కన్నా ఇది ప్రమాదకరం. పేర్లు కూడా నిలకడగా ఉండవు: 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది.

కాబట్టి ప్రాంతాలకు వేరే టేబుల్ పెట్టి, పాత ఆదిలాబాద్‌కూ కొత్త ఆదిలాబాద్‌కూ వేర్వేరు కోడ్‌లు ఇవ్వండి. ప్రతి కోడ్‌కూ అమలులోకి వచ్చిన తేదీ, ముగిసిన తేదీ రాయండి. మూలవివరాలను దొరికినంతలో చిన్న ప్రాంతం స్థాయిలో దాచుకుంటే, ఏ గ్రామం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందో చెప్పే అనుసంధాన టేబుల్ ద్వారా 2011 జనాభాను నేటి 33 జిల్లాలకు కూడుకోవచ్చు. మండలంతోనే ఆగిపోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే 2016లోనే గ్రామాలను అటూ ఇటూ కలిపి 125 కొత్త మండలాలు ఏర్పరిచారు. గ్రామస్థాయి వివరాలు దొరకని అంశాలకు ఎదురుదారి పట్టండి: కొత్త జిల్లాల అంకెలను పాత 10 జిల్లాలకు వీలైనంత దగ్గరగా కూడి, సరిహద్దు దాటి వెళ్లిన మండలాలు ఉంటే ఆ సంగతి ఫలితం పక్కనే నమోదు చేయండి. వైశాల్యాన్ని బట్టి జనాభాను పంచే పద్ధతి నాకు సమ్మతం కాదు. అడవీ పట్టణమూ ఉన్న జిల్లాలో అది నిజానికి ఆమడదూరంలో ఉంటుంది.

పంటల టేబుల్‌ను కలిపేటప్పుడు ఒక్క మాట. జనాభాకు జిల్లాకొక రో, పంటలకు జిల్లాకు పన్నెండు రోలు ఉంటే, నేరుగా జాయిన్ చేసి కూడినప్పుడు జనాభా పన్నెండు రెట్లు అవుతుంది. ముందు పంటల టేబుల్‌ను గ్రూప్ బై ద్వారా జిల్లాకొక రోగా కుదించి, ఆ తరువాతే జనాభాతో జాయిన్ చేయండి.

ప్రశ్న: మా మండలం రోజువారీ వర్షపాతం నమోదు చేస్తున్నాను. వివరం అందని రోజుల్లో సున్నా వేయవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

సమాధానం: వేయకండి. సున్నా అంటే కొలిచాము, వాన పడలేదు అని అర్థం. తెలియని రోజుకు నల్ అనే ఖాళీ విలువనే ఉంచండి. అయితే సగటు, మొత్తం లెక్కించేటప్పుడు డేటాబేస్ నల్ ఉన్న రోలను మౌనంగా దాటేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు 122 రోజుల్లో 30 రోజులు అందకపోయినా మొత్తం ఒక అంకెగా నిండుగానే కనిపిస్తుంది. అందుకే మొత్తంతో పాటు ఎన్ని రోజుల కొలతలు ఉన్నాయో కౌంట్ ద్వారా పక్కనే చూపించండి. కౌంట్‌కు నక్షత్రం గుర్తు ఇస్తే రోలన్నీ, కాలమ్ పేరు ఇస్తే విలువ ఉన్న రోలు మాత్రమే లెక్కకు వస్తాయి. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి కురిస్తేనే వర్షపు దినం కాబట్టి, ఆ రోజుల సంఖ్యను టేబుల్‌లో కాక క్వెరీలో తీయండి. ఉదయం 8.30కు కొలిచిన వాన అంతకుముందు 24 గంటలది. మీ తేదీ కాలమ్ కొలిచిన రోజుదో, వాన పడిన రోజుదో నిర్ణయించి కాలమ్ పేరులోనే ఆ సంగతి రాసుకోండి.