తెల్లపావులు సి4తో మొదలైతే నల్లపావులతో గెలవవచ్చా?

ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో ఎదుటివారు ఇంగ్లిష్ ఓపెనింగ్ (మొదటి ఎత్తుగా సి2 బంటును సి4కు జరపడం) ఎంచుకుంటే నల్లపావులకు డ్రాయే గతా అని మీరు అడిగారు. కాదని నా అనుభవం. పోస్టుకార్డుల కాలంలో పర్లాకిమిడిలో ఉంటూ కలకత్తా ఆటగాడొకరితో నేను ఆడిన ఆటే అందుకు ఆధారం. ఆయనకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. అయినా ఎ నుంచి హెచ్ వరకు నిలువు వరుసలను 1 నుంచి 8 అంకెలుగా రాసే అంతర్జాతీయ ఉత్తరాల చదరంగ సమాఖ్య (ఐసీసీఎఫ్) పద్ధతిలో ఆయన 3234 అని రాస్తే సి2 బంటు సి4కు వచ్చిందని నాకు తెలిసేది, నేను 5755 అని రాస్తే నా ఇ7 బంటు ఇ5కు కదిలిందని ఆయనకు తెలిసేది.

ఇది సిసిలియన్ డిఫెన్స్‌ను (తెల్లపావుల ఇ4కు నల్లపావులు సి5తో బదులిచ్చే ఆరంభం) రంగులు మార్చి, తెల్లపావులకు ఒక ఎత్తు అదనంగా ఇచ్చి ఆడటమే. ఆ ఎత్తుకు భయపడి ముడుచుకోకుండా మూడో ఎత్తులోనే డి5 ఆడాను. బంట్ల మార్పిడి తరువాత నా గుర్రం డి5 నుంచి బి6కు తగ్గింది, ఇరువురమూ కోట కట్టుకున్నాం, ఆయన పదో ఎత్తుగా బి4 ఆడగానే నా రెండో గుర్రాన్ని సి6 నుంచి డి4కు దూకించాను. ఆట మలుపు తిరిగింది ఇక్కడే. ఆయన గుర్రంతో దాన్ని కొట్టారు, నా ఇ5 బంటు డి4కు చేరింది, దానితో ఇ వరుస నా ఏనుగులకు తెరుచుకుని ఆయన ఇ2 బంటు శాశ్వత బలహీనతగా మిగిలింది.

ఆయన గుర్రం ఇ4కు రాగా నేను ఇ6 బిషప్‌ను డి5లో నిలిపాను. బి7 బంటుపై కన్నేసి ఆయన గుర్రాన్ని సి5కు పంపారు. చూడటానికి ఎంతో సహజమైన ఎత్తు. నేను జి2లో బిషప్‌ను కొట్టాను, ఆయన రాజుతో తీసుకున్నారు. సి5లో గుర్రాన్ని కొట్టాను, ఆయన బంటుతో తీసుకున్నారు. అప్పుడు నా మంత్రి డి5 నుంచి రాజుకు షా (చెక్) చెప్పి, మరుసటి ఎత్తులో సి5 బంటును ఎత్తుకుపోయింది. మంత్రులు మారాక, బోర్డులో మంత్రి వైపున నా మూడు బంట్లకు ఎదురుగా ఆయనకు ఎ3 బంటు ఒక్కటే మిగలడంతో కొన్నాళ్లకు ఓటమి ఒప్పుకుంటూ కార్డు వచ్చింది.

అయితే పదకొండో ఎత్తులో ఆయన బిషప్‌ను బి2కు తెచ్చి ఉంటే, ఎఫ్3లో గుర్రాలు మార్చుకుని సి6 ఆడటం మించి నాకు పెద్దగా ఏమీ దక్కేది కాదు. సమాఖ్య సర్వర్‌లో ఇంజిన్ల (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల) వాడకానికి అనుమతి ఉంది కనుక అక్కడి పైస్థాయి ఆటల్లో అత్యధికం డ్రాలే. గెలుపు కోసమే ఆడదలిస్తే, ఓపెనింగ్ పుస్తకాలను అనుమతించి ఇంజిన్లను నిషేధించే లీచెస్ వెబ్‌సైట్ లాంటి చోట ఈ వరుసను ప్రయత్నించండి.