డైరీలో రోజూ అవే రాస్తున్నారంటే పాప ఏమీ నేర్చుకోవట్లేదని కాదు

"మా పాపకి ఎనిమిదేళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉంది. స్పెషల్ క్లాసులో చేర్చి నాలుగు నెలలైంది. డైరీలో వారమంతా అవే రాస్తున్నారు: జిప్పు, బొమ్మ కార్డులు, ఆట. అసలు అక్కడ వారమంతా ఏం చేయిస్తారు? ఈ పిల్లలు నిజంగా నేర్చుకుంటారా, లేక ఊరికే కూర్చోబెడతారా?" అని అడిగారు.

పదహారేళ్లుగా ఇలాంటి క్లాసులోనే పాఠం చెప్తున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను. నేర్చుకుంటారు. డైరీలో ఆ "అవే" అన్న చోటే నేర్చుకుంటారు.

ముందు సోమవారం సంగతి. రెండు రోజులు ఇంట్లో ఉండి వచ్చిన పిల్లలు సోమవారం పొద్దున వేరే పిల్లల్లా ఉంటారు. నిద్ర వేళలు మారిపోయి ఉంటాయి, క్లాసులో చప్పుడు మళ్లీ కొత్తగా అనిపిస్తుంది, శుక్రవారం చకచకా చేసిన పని చేతికి రాదు. కొత్తగా చేరిన టీచర్లు ఇక్కడే బెంబేలెత్తిపోతారు, "అంతా మర్చిపోయాడు" అని. మర్చిపోలేదు, తెలిసిన దారిని మళ్లీ పట్టుకుంటున్నాడు అంతే. అందుకే సోమవారం నేను కొత్తది ఏదీ మొదలుపెట్టను. పోయిన వారం వచ్చినవే చేయిస్తాను. కొత్తవన్నీ మంగళ, బుధవారాల్లోనే. గురువారానికి పిల్లలు అలిసిపోతారు, కాబట్టి ఆ రోజు పాట, ఆట, నీళ్లతో పని. శుక్రవారం కొత్తదేమీ లేకుండా, ఎవరు ఏది సాయం లేకుండా చేశారో చూసి రాసుకుంటాను. వారమంటే ఇంతే. బయటివాళ్లకి చప్పగానే ఉంటుంది.

డైరీలో "జిప్పు" అని ఒక్క ముక్క రాస్తాం. ఆ ముక్కలో ఎంత పని ఉందో చూడండి. ఒక చేత్తో బ్యాగు అదిమి పట్టుకోవాలి. రెండో చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ చిన్న కొస ఇరికించాలి. లాగాలి. మూల తిరిగే చోట మణికట్టు తిప్పాలి. మళ్లీ చివరిదాకా లాగాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కండరాల బిగువు తక్కువ, కీళ్లు వదులు. మీకూ నాకూ లెక్కలోకి రాని ఆ పట్టు వాళ్లకి పెద్ద బరువు ఎత్తడంతో సమానం. అందుకే దీన్ని మేం వెనక నుంచి నేర్పుతాం. మొదటివన్నీ నేను చేసి, చివరి బెత్తెడు పాపకి వదిలేస్తాను. పాప లాగుతుంది, జిప్పు పూర్తిగా తెరుచుకుంటుంది, "నేనే తీశాను" అన్న సంబరం పాపకే దక్కుతుంది. అది కుదిరాక మూల మలుపు కూడా పాపకే. ఆ తర్వాత సగం. ముందు నుంచి నేర్పితే పిల్ల మొదటి మెట్టు మీదే ఓడిపోయి, పని ముగించడం మాత్రం పెద్దవాళ్ల వంతవుతుంది. రోజూ ఓడిపోయే పని ఎవరికి చెయ్యబుద్ధవుతుంది?

మీ పాప గురించి ఇంకొక్క మాట. "మాట వినదు" అని ఎవరైనా అంటే ముందు చెవులు చూపించండి. ఈ పిల్లల్లో చాలామందికి చెవిపొర వెనక ద్రవం చేరి, ఒక వారం బాగా వినపడి, మరో వారం మందగిస్తుంది. మన భాషలో వినడమన్నా, మాట లెక్కచెయ్యడమన్నా ఒకటే మాట కావడం ఈ పిల్లల ప్రాణానికొచ్చింది. పైగా చెవితో విన్నదాన్ని కాసేపు గుర్తుంచుకోవడం వీళ్లకి కష్టం, కంటితో చూసింది మాత్రం బాగా నిలుస్తుంది. బొమ్మ కార్డులు అందుకే. కాలక్షేపానికి కాదు.

నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. నోటు పుస్తకం నిండితేనే చదువు జరిగినట్టు లెక్క. తనిఖీకి వచ్చినవాళ్లకీ అదే కావాలి, చాలామంది తల్లిదండ్రులకీ అదే కావాలి. దాంతో కొన్ని చోట్ల టీచరు పిల్లాడి చెయ్యి పట్టుకుని తనే రాసేస్తుంది. పేజీలు నిండుతాయి. ఆ చేతికి పెన్సిలు బరువైనా తెలియదు. మీ పాప పుస్తకం ఖాళీగా ఉంటే కంగారుపడకండి. ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉంటే అప్పుడు అడగండి.

రెండోది, అద్భుతాల మీద మోజు. ఈ పిల్లల మాట ఎత్తగానే, చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ నీటి పంపు కథ చెప్తారు. చేతి మీద నీళ్లు పడ్డాయి, "నీళ్లు" అన్న మాట వెలిగింది, అయిపోయింది. ఆమె టీచరు ఆన్ సలివన్ ఆ ఇంటికి వచ్చింది 1887 మార్చి 3న. పంపు దగ్గర ఆ సంగతి జరిగింది ఏప్రిల్ 5న. మధ్యలో 33 రోజులున్నాయి. ఆ రోజులన్నీ ఆవిడ ఆ పిల్ల అరచేతిలో వేళ్లతో అక్షరాలు కూరుస్తూనే ఉంది. పిల్ల అనుకరించేది, అర్థం మాత్రం పట్టేది కాదు. కప్పుకీ నీళ్లకీ తేడా తెలియక తికమకపడేది. ఆ నెల గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. మా క్లాసు వారం వారం నడిచేది ఆ నెలలోనే. మీ డైరీలో "అవే" అని కనిపిస్తున్నదీ ఆ నెలే.

ఇంకొకటి, ప్రశ్న అడిగి ఆగకపోవడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో మామూలు తరగతుల్లో లెక్క చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు, ఎక్కువ మాటలతో జవాబు చెప్పారు. మా పిల్లలకి మూడు చాలదు. నేను మనసులో పది దాకా లెక్కపెడతాను. ఏడో ఎనిమిదో అంకె దగ్గర చూపు కదులుతుంది, తొమ్మిది దగ్గర చెయ్యి లేస్తుంది. మధ్యలో మళ్లీ అడిగితే పిల్లాడు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇంట్లో కూడా ప్రయత్నించండి. పది అంకెలు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది.

అసలు చెప్పాలనుకున్నది మా క్లాసులో ఒక బాబు గురించి. తొమ్మిదేళ్లు, ఆటిజం, మాటలు రాలేదు. వాడి కుర్చీ పక్కన గోడకి ఒక పొడవాటి అట్ట, దాని మీద వెల్క్రోతో అంటించిన బొమ్మ కార్డులు, పై నుంచి కిందికి ఆ రోజు పనులు. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ ఆటిజం ఉన్నవాళ్ల కోసం మొదలుపెట్టిన టీచ్ (TEACCH) కార్యక్రమం ద్వారా ఇలాంటి పద్ధతులు ఎన్నో దేశాలకి పాకాయి. పని అవగానే ఆ కార్డు పీకి కింద డబ్బాలో వెయ్యాలి. వెల్క్రో పర్రుమని ఊడే చప్పుడంటే వాడికి మహా ఇష్టం.

ఒక గురువారం పాటల టీచరు రాలేదు. నేను పొద్దున్నే పాట కార్డు తీసి, నా టేబుల్ సొరుగులో పడేసి, ఆ జాగాలో రాత కార్డు అంటించాను. వాడికి చెప్పలేదు. మాటలు రాని పిల్లాడికి ఏం చెప్తాం, ఎలా చెప్తాం అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ మనసొప్పదు.

వాడు వచ్చి, రోజూలాగే అట్ట మీద వేలితో పై నుంచి కిందికి వచ్చాడు. మూడో కార్డు దగ్గర వేలు ఆగింది. మళ్లీ పై నుంచి మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి ఆగాక అరుపు మొదలైంది. బొటనవేలి మొదట్లో చెయ్యి కొరుక్కున్నాడు. అరలోని డబ్బాలన్నీ లాగి కింద పోశాడు. మిగతా పిల్లల్ని బయటికి పంపేశాను. దాదాపు నలభై నిమిషాలు. వస్తువులు విసిరేస్తున్నాడనుకుని వాడి చేతులు పట్టుకున్నాను కూడా. అప్పుడు మా ఆయమ్మ అంది, "మేడం, వీడు విసరట్లేదు. వెతుకుతున్నాడు."

సొరుగు తీశాను. వాడే కార్డు తీసుకుని, వెళ్లి రాత కార్డు మీద అంటించి, ఊడిపోకుండా అరచేత్తో గట్టిగా అదిమి, కుర్చీలో కూర్చున్నాడు. అరుపు ఆగింది. వెక్కిళ్లు మాత్రం చాలాసేపు ఆగలేదు. పాటల టీచరు లేరు కదా, ఆయమ్మే వాడి పక్కన కూర్చుని డబ్బా మూత మీద దరువేస్తూ పాడింది. ఇన్నేళ్లలో ఆవిడంత చక్కగా పిల్లల్ని చదివిన మనిషిని నేను చూడలేదు. జీతం దగ్గర, మీటింగుల దగ్గర మాత్రం ఆవిడని లెక్కలోకి తీసుకోరు. పిల్లాడి గురించి మాట్లాడుకునే మీటింగులో రోజంతా వాడితో ఉండే మనిషికి కుర్చీ ఉండదు!

ఆ తర్వాత "మార్పు" కార్డు చేశాను. పసుపు రంగు అట్ట, మీద వంపు తిరిగిన బాణం. మొదటి రెండు వారాలూ దాన్ని మంచి మార్పులకే వాడాను. వాడి కళ్ల ముందే రాత కార్డు తీసి, పసుపు కార్డు వాడి చేతే అంటింపించి, పక్కన నీళ్ల ఆట కార్డు పెట్టడం. మార్పంటే పోగొట్టుకోవడమే కాదని ముందు తెలియాలి. తర్వాత మంచీ చెడూ కాని మార్పులు. నచ్చనివి అన్నిటికంటే చివర. చెయ్యి కొరుక్కోవడం ఒక్కసారీ లేని వారం ఒకటి వచ్చింది. 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిందీ ఇదే. సాయం కావాలని, తమని పట్టించుకోమని అడిగే దారి నేర్పిస్తే పిల్లల్లో ఇలాంటి ప్రవర్తన తగ్గింది. అల్లరి మాన్పించడానికి తిట్టడం, బహుమతులు ఆశపెట్టడం ఇవన్నీ నా దృష్టిలో రెండో మాట. పిల్లాడు ఏం చెప్పలేక అరుస్తున్నాడన్నది మొదటి మాట.

ఏడో వారంలో ఒక బుధవారం, వాడే లేచి కొక్కేనికున్న పసుపు కార్డు తీశాడు. తెచ్చి రాత కార్డు మీద అంటించాడు. నా మొహంలోకి చూశాడు.

తొమ్మిదేళ్ల జీవితంలో వాడు కొరక్కుండా, అరవకుండా "వద్దు" అనడం నేను చూడటం అదే మొదలు. ఆ రోజు రాత మానేశాం. తోటి టీచర్లిద్దరు, "ఇలా ఇచ్చేస్తే ఇక రోజూ ఇదే చేస్తాడు" అన్నారు. నిజమే, మూడు రోజులు వరసగా చేశాడు. మూడు రోజులూ ఒప్పుకున్నాను. మొదటిసారి నోరు తెరిచిన పిల్లాడికి "నోరు తెరిచినా లాభం లేదు" అని నేర్పడం నా వల్ల కాదు. నాలుగో రోజు నుంచి రోజుకి ఒకేసారి అని నియమం పెట్టాను, దానికీ ఒక బొమ్మ గీసి. వాడు ఒప్పుకున్నాడు. ఎక్కువగా రాత మీదే పెడతాడు. ఒకరోజు మాత్రం ఎక్కడా పెట్టకుండా, చివరి పీరియడ్ దాకా గుప్పిట్లో పట్టుకుని తిరిగాడు.

ఇదంతా ఆ వారాల డైరీలో ఏమని ఉందో తెలుసా? "కార్డులు, రాత, ఆట." తప్పు మాదే, అంతకంటే రాయడానికి సాయంత్రం ఐదు నిమిషాలు కూడా మిగలవు, మిగిలిన ఆ కాస్త సమయం ఫారాలకే సరిపోతుంది.

కాబట్టి "ఈ వారం ఏం నేర్పారు" అని అడగకండి, జవాబు మళ్లీ జిప్పూ కార్డులే వస్తుంది. ఈ శుక్రవారం డైరీలో మీరే ఒక వాక్యం రాసి పంపండి: "మా పాప తనకి ఇష్టం లేనిది ఉంటే మీకు ఎలా చెప్తోంది?" టీచరు దగ్గర దానికి జవాబుంటే, పాప తల తిప్పడమో, కార్డు తొయ్యడమో, ఏదో ఒకటి రాసి పంపితే, ఇంట్లో కూడా అదే గుర్తుని మీరు ఒప్పుకోండి. జవాబు లేకపోతే వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఆయమ్మని కూడా పిలవమనండి.