మబ్బు పడితే ఏడ్చే పిల్లవాడి గురించి

టీచర్ గారూ, మబ్బు పట్టగానే మీ రెండో తరగతి పిల్లవాడు సంచి సర్దుకుని ఏడుస్తున్నాడని, ‘భయం లేదు’ అన్నకొద్దీ ఏడుపు పెరుగుతోందని రాశారు. ముందు ఆ మాట మానేయండి. నది మధ్య లంకలో పుట్టి, వాకిట్లోకి గోదావరి రావడం చూసినవాడి భయం అబద్ధం కాదు.

ఆ భయానికి ఒక కొలత ఇవ్వండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. వరద రోజుల్లో మన పిల్లలు ఇంట్లో వినే మాటలే ఇవి! ‘నీ లోపల ఇప్పుడు ఎన్నో హెచ్చరిక?’ అని అడగండి. మొదటిదైతే, వేడి పాలు చల్లార్చినట్టు నెమ్మదిగా అయిదుసార్లు ఊదాలి. రెండోదైతే పక్కవాడి చెయ్యి పట్టుకోవాలి. మూడోదైతే అడగకుండానే మీ దగ్గరకు రావచ్చు.

ఎండ కాసే రోజునే దీన్ని ఆటలా నేర్పండి. ఏడుపు మధ్యలో ఏదీ తలకెక్కదు. తరగతి మొత్తానికీ నేర్పండి, లేకపోతే వాడు వేరుపడిపోతాడు. మీ హెచ్చరిక కూడా చెప్పండి. ‘ఉరుము వింటే నాకూ మొదటిదే’ అని మా బడిలో నేనన్న రోజున, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ‘నాకు రెండు’ అంది.

నెల దాటినా నిద్రలో ఉలిక్కిపడుతుంటే, అన్నం సరిగా తినకపోతే, ఇంటివాళ్లతో మాట్లాడి పిల్లల డాక్టరుకు చూపించమనండి.