ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందా?

ఐదో నెల గర్భిణికి ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలను, బిడ్డ నల్లగా పుడుతుందన్న భయంతో ఇంట్లో పెద్దవారు ఆపించారని, అది నిజమేనా అని అడిగారు. నిజం కాదు. బిడ్డ చర్మపు రంగును తల్లిదండ్రుల జన్యువులే నిర్ణయిస్తాయి. పేగులు గ్రహించుకోని ఇనుము వల్ల తల్లికి మలం నల్లగా వస్తుంది. బహుశా ఈ భయం అక్కడే పుట్టి ఉంటుంది గాని, మలం అలా నల్లగా రావడం వల్ల హాని లేదు.

గర్భధారణలో తల్లి రక్త పరిమాణం పెరుగుతుంది, బిడ్డకూ మాయకూ కూడా ఇనుము కావాలి, కాబట్టి ఆకుకూరలు ఎంత తిన్నా చాలామందికి ఆహారం ఒక్కటే సరిపోదు. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతగా, 7 కన్నా తగ్గితే తీవ్ర రక్తహీనతగా పరిగణిస్తారు; ఆ స్థితిలో కాన్పు సమయంలో జరిగే కొద్దిపాటి రక్తస్రావం కూడా తల్లి ప్రాణం మీదికి తేగలదు. అందుకే ప్రభుత్వ కార్యక్రమంలో నాలుగో నెల నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వాడమంటారు.

టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. వాటికీ ఐరన్ మాత్రకూ మధ్య రెండు గంటల వ్యవధి ఉంచి, వీలైతే నిమ్మరసంతో వేసుకోవడం మేలు. వికారంగా ఉంటే రాత్రి భోజనం తరువాత వేసుకోవచ్చు. మలబద్ధకం బాధిస్తే మాత్ర మానేయకుండా వైద్యులకు చెప్పండి. ఆయాసం, గుండెదడ కనిపిస్తే మాత్రం తదుపరి పరీక్ష తేదీ వరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.